చివరి నుంచి మూడో అంకె

పిడుగురాళ్ల. రిటైరైన లెక్కల మాస్టారు ధనుంజయరావు గారి వరండా. మధ్యాహ్నం మూడు దాటింది. మెట్టు మీద సలోమి. సున్నపు బట్టీలో కూలి, ఒకప్పుడు ఆయన దగ్గరే ఎనిమిదో తరగతి దాకా చదివింది. లోపల మాస్టారి భార్య ప్రభావతి.

"మళ్ళీ చదువు. నిదానంగా, ఒక్కో అంకె."

"చివరి నాలుగే చదువుతా సార్. మొదటి ఎనిమిదీ రెండిట్లోనూ ఒకటే. కార్డులో మూడు, నాలుగు, ఒకటి, ఐదు."

"ఫొటోలో?"

"మూడు, తొమ్మిది, ఒకటి, ఐదు."

"తొమ్మిదేనా? నాలుగుకి పైన మూసుకుపోతే తొమ్మిదిలాగే కనపడుతుంది."

"తొమ్మిదే సార్. పైన గుండ్రంగా ఉంది, కింద తోక వంపు తిరిగింది. మీరే చూడండి. ఈ ఫోన్ నౌషాద్‌ది, మా వీధిలో ఆటో తోలతాడు, నన్ను ఎక్కించుకొచ్చింది ఆయనే. బయట ఆటోలో ఉన్నాడు. ఇదుగో, వేళ్లతో ఇట్టా లాగితే పెద్దదవుద్ది."

"ఇదేంది... ఇది చెయ్యా?"

"ముంజెయ్యి సార్."

"ఇట్టా ఉబ్బిందేం?"

"నీళ్లలో నానింది సార్. కాలవలో ఉండిపోయింది గదా, నాలుగు రోజులో ఐదు రోజులో."

"ఎవరి చెయ్యి సలోమీ ఇది?"

"ఎవరిదో సార్. మా ఆయనది మాత్రం కాదు. అది రాసివ్వమనే మీ దగ్గరకొచ్చా."

"ఉండుండు. ఏసోబుకేమైంది?"

"ఏం కాలా సార్. కనపట్లా. అంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇయ్యాల్టికి పదకొండు రోజులు."

"పదకొండు రోజులా. నాకొక్క మాట చెప్పలేదే నువ్వు."

"చెప్పి ఏం చేయను సార్, ఇదేం కొత్త గాదు గదా. రెండేళ్ల కింద బట్టీ మీద నుంచి పడ్డాక ఆయనకి తలలో ఉన్నయ్యన్నీ చెరిగిపోయినాయి. పేరేందంటే నవ్వుతాడు. ఊరేందంటే నవ్వుతాడు. తలుపు తీసుంటే చాలు, రోడ్డు పట్టుకుని పోతానే ఉంటాడు. ఒకసారి రొంపిచెర్లలో దొరికాడు. ఇంకోసారి శావల్యాపురంలో, మిరపకాయలు ఆరబోసిన కాడ కూర్చుని తాలుకాయలు ఏరతన్నాడంట. వాళ్లు అన్నం కూడా పెట్టారు పాపం. మూడోసారి నాలుగు రోజులు దొరకలా. నాకు పిచ్చెక్కింది. అప్పుడే సార్, కోటప్పకొండ తిరనాళ్లకి తీసకపోయి ఆయన చేతి మీద ఆధార్ నంబర్ పొడిపించా. పచ్చబొట్టు. ఎవరికి దొరికినా చెయ్యి చూసి మనిషెవరో కనుక్కుంటారని."

"పన్నెండంకెలూ పొడిపించావా?"

"పన్నెండూ. పచ్చబొట్టు పాపమంటారు పాస్టరు గారు, తెలిస్తే ఊరుకోరని చర్చికి పోయేటప్పుడల్లా చొక్కా చేతులు దింపి గుండీలు పెట్టేదాన్ని."

"ఫోన్ నంబర్ పొడిపించొచ్చు గదా, తెలివి తక్కువదానా. చూసినోడు చూసినట్టు ఫోన్ చేసేవాడు."

"ఫోన్ మా ఇంట్లో నిలిచిందెప్పుడు సార్. రీఛార్జి చేయించలేక రెండేళ్లలో మూడు సిమ్ములు పోయినాయి. ఆ నంబర్లు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో ఏమో. ఈ నంబర్ అయితే చచ్చేదాకా మారదని చెప్పింది మీరే గదా."

"నేనా?"

"మీరే సార్. రేషన్ షాపు కాడ మిషన్ మీద నా వేళ్లు పడక నిలబడుంటే. సున్నానికి గీతలన్నీ పోయినాయి గదా నాయి. అప్పుడన్నారు, వేళ్లు అరుగుతాయి గానీ నంబర్ అరగదు అమ్మాయ్, చచ్చేదాకా నీదే అని."

"చచ్చేదాకానే కాదు. మనిషి పోయినా ఆ నంబర్ ఇంకొకరికివ్వరు... సర్లే. నీళ్లు తాగుతావా?"

"వద్దు సార్. ఐదింటికల్లా ఆసుపత్రి కాడ ఉండాలి నేను. మీరు కాయితం రాసిస్తే పోతా."

"ఐదింటికి ఆసుపత్రిలో ఏంది?"

"కాలవలో లాకుల కాడ తేలిందంట సార్ ఈ శవం. మొన్న. మొహం చూసేటట్టు లేదంట. జేబుల్లో ఏం లేవు. చేతి మీద నంబరుంది గదా అని కానిస్టేబుల్ మిషన్‌లో కొడితే, ఇట్టాంటి నంబరే లేదు పొమ్మందంట. అందుకని ఫొటో తీసి అన్ని గ్రూపుల్లో పెట్టారు. అది తిరిగి తిరిగి పొద్దున నౌషాద్ ఫోన్‌కొచ్చింది. అక్కా, బావ చేతి మీద గూడా నంబరుంది గదా, ఒకసారి చూసుకోమన్నాడు. ఇంట్లోకి ఉరికా సార్. తర్వాత కార్డు తీసి, వేలు పెట్టి ఒక్కో అంకె చూసుకుంటా వచ్చా. చివరి నుంచి మూడో అంకె. తేడా ఉంది. అప్పుడు ఊపిరొచ్చింది."

"కానిస్టేబుల్ ఏమన్నాడు?"

"మంచోడే సార్ ఆయన. నీ భర్తే అంటే శవాన్ని ఇప్పిస్తా, కాదంటే కాదని రాసివ్వు, ఏదో ఒకటి ఐదింటికల్లా తేల్చమ్మా, ఇంక ఉంచేటట్టు లేదు అన్నాడు. నంబర్ తేడా ఉంది సార్ అన్నా. నువ్వు తేడా అంటే సరిపోదు, నాకూ లెక్కలు రావు, చదువుకున్నోళ్లెవరి చేతైనా ఈ రెండు నంబర్లూ ఒకటి కాదని రాయించుకునిరా, ఫైల్లో పెట్టుకుంటా అన్నాడు. చదువుకున్నోళ్లంటే నాకు మీరే గదా సార్."

"ఒకటి కాదని రాయడానికి నేనెందుకు, కళ్లున్నోడెవడైనా రాస్తాడు. కానీ..."

"కానీ ఏంది సార్?"

"ఆ మిషన్ ఇట్టాంటి నంబరే లేదంది అన్నావు చూడు. అది ఊరికే అనదు. ఆ కార్డు ఇటివ్వు. ప్రభా, నా నోటుబుక్కు పట్రా, ఆకుపచ్చ అట్టది."

"ఆకుపచ్చ అట్టది మీ దిండు కింద పెట్టుకుని పడుకుంటారు గదండీ. ఇదుగో... ఏమే సలోమీ, ఎండలో మెట్టు మీద కూర్చున్నావేంది? పైకి రా. మొహమేంది అట్టా పీక్కపోయింది?"

"ఏం లేదమ్మా. సార్ లెక్క చూస్తన్నారు."

"ఈయన లెక్క మొదలుపెడితే తెల్లారుద్ది. అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఎప్పుడు?"

"నిన్న."

"ప్రభా, మాట్లాడించకు, తప్పు పోతుంది... చూడు సలోమీ. నువ్వు ఎనిమిదిలో చదువు మానేశావు గానీ ఇది నీకు అర్థమవుతుంది. ఈ పన్నెండంకెల్లో వాళ్లిచ్చేది పదకొండే. పన్నెండోది ఎవరూ ఇవ్వరు. ముందున్న పదకొండింటిలోంచి అదే పుడుతుంది. దాని పనల్లా మిగతా వాటికి కాపలా కాయడం."

"అన్నీ కూడితే వచ్చుద్దా సార్?"

"అదే దీంట్లో ఉన్న చమత్కారం. కూడితే రాదు. మన కూడికలో మూడూ ఐదూ ఎనిమిది, ఐదూ మూడూ ఎనిమిది. అవునా? ఈ లెక్కలో మూడు తర్వాత ఐదు వస్తే ఎనిమిది, ఐదు తర్వాత మూడు వస్తే ఏడు. ఐదు మూలల పలక ఒకటి చేతిలో ఉందనుకో. ముందు పక్కకి తిప్పి, తర్వాత బోర్లించావు. ఇంకోసారి ముందు బోర్లించి, తర్వాత పక్కకి తిప్పావు. పలక రెండుసార్లూ ఒకేలా నిలబడదు, చేసి చూడు కావాలంటే. ఆ పలక లెక్కే ఇది. అందుకే పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా దొరికిపోతాయి. నలభై ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఇంత అందమైన..."

"ఏవండీ. ఆ పిల్ల మొహం చూసి మాట్లాడండి."

"చూస్తున్నా. చూస్తూనే వేస్తున్నా. ముందు కార్డులో ఉన్నది. ఐదు... ఒకటి కింద... ఎనిమిది... ఇక్కడ మూడు. ఆ. సున్నాకొచ్చింది. సున్నా వస్తే నంబర్ సరైనదని."

"అది గవర్నమెంటు కార్డు సార్, సరైనదే గదా ఉంటది. రెండోది చూడండి."

"రెండోది... ఐదు... ఒకటి కింద... తొమ్మిది దగ్గర మారింది. ఇక్కణ్ణుంచి మొత్తం మారుతుంది ఇంక. ఊ... లేదు. సున్నా రాలేదు."

"రాకపోతే?"

"ఆ నంబర్ ఎవరికీ లేదు. ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు, ఇక ముందు ఇవ్వబోరు. నూట నలభై కోట్ల మందిలో ఒక్కడికి కూడా ఉండే వీల్లేదు."

"మా ఆయనకి నంబరుంది గదా సార్. అయితే ఆయన కాదు. రాసేయండి."

"అంత తొందరపడకు."

"తొందర కాదు సార్, నాలుగు కావస్తంది. నంబర్ లేని మనిషి, నంబరున్న మనిషి ఒకటెట్టా అవుతారు? మీ లెక్కలోనే వచ్చింది గదా."

"నా లెక్కలో వచ్చింది వేరు. విను. ఏసోబు నంబర్‌లో ఏదో ఒక్క అంకె మార్చు. ఎన్ని రకాలుగా మార్చొచ్చు? పన్నెండు చోట్లు, ఒక్కోచోట తొమ్మిది వేరే అంకెలు. పన్నెండు తొమ్మిదులు?"

"నూట ఎనిమిది."

"చూశావా, మర్చిపోలా నువ్వు. ఆ నంబర్ చుట్టూ నూట ఎనిమిది ఇళ్లున్నాయనుకో. అన్నీ ఖాళీ. ఒక్క దాంట్లో కూడా మనిషి ఉండడు. కావాలనే అట్టా కట్టారు, ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే పక్కింటోడికి తగలకూడదని. ఎవరి నంబర్ తీసుకున్నా అంతే, చుట్టూ నూట ఎనిమిది ఖాళీ. ఇప్పుడు ఈ చేతి మీదున్న నంబర్ ఎక్కడుంది? ఏసోబుకి పక్కిల్లు."

"ఖాళీదే గదా సార్."

"ఖాళీదే. ఖాళీ ఇంటి నంబర్ మనిషి చేతి మీదికెట్టా వచ్చింది, అదీ నా ప్రశ్న. ఊరికే పన్నెండంకెలు ఎవడూ పొడిపించుకోడు. ఒక నిజమైన నంబర్ని పొడవబోయి, తప్పు పొడిచి ఉండాలి."

"మా ఆయనకి తప్పు పొడవలా."

"పొడిచాక సరిచూశావా?"

"చూశా."

"కార్డు పక్కన పెట్టి?"

"పెట్టే చూశా సార్. సరిగ్గానే ఉంది. నాలుగే ఉంది."

"రెండేళ్ల నుంచి ఆ చేతికి నీళ్లు పోస్తున్నదానివి, గుర్తుండదా ఏంది. సరే, నీ మాటే నమ్ముతా."

"నమ్మండి సార్. నెట్ సెంటర్లో కూడా అట్టాగే చెప్పారంట."

"ఏ నెట్ సెంటర్?"

"ఆ చనిపోయినాయన్ని తీసకపోయిన సెంటర్ సార్. బతికున్నప్పుడు. తొమ్మిది రోజుల కిందట హైవే మీద టీ కొట్టాయన చూశాడంట. రెండు రోజులు ఆ కొట్టు బల్ల మీదే పడుకున్నాడంట. టీ ఇస్తే తాగాడంట, బన్ను ఇస్తే తిన్నాడంట. ఊరేదంటే... ఏం చెప్పలేదంట. ఆ టీ కొట్టాయనకి జాలేసి, చేతి మీద నంబర్ చూసి, బండి మీద ఎక్కించుకుని నెట్ సెంటర్‌కి తీసకపోయాడు. అక్కడోళ్లు కొట్టి చూసి ఇది చెల్లని నంబర్, ఎవడో పిచ్చోడు తోచినయ్యి పొడిపించుకున్నాడు అన్నారంట. ఈయనేం చేస్తాడు ఇంక, తీసకొచ్చి దింపాడు. పొద్దున లేచి చూస్తే బల్ల మీద లేడంట. ఇదంతా కానిస్టేబుల్ చెప్పాడు, టీ కొట్టాయన ఫొటో చూసి ఫోన్ చేశాడంట. చూడండి సార్, అప్పుడూ చెల్లని నంబరే అన్నారు. మా ఆయనది చెల్లుద్ది గదా."

"సలోమీ."

"ఏందమ్మా?"

"నవ్వాడా?"

"ఎవరమ్మా?"

"ఆ మనిషి. ఊరేదంటే నవ్వాడా, ఏం చెప్పాడు ఆ టీ కొట్టాయన?"

"నాకు తెలీదమ్మా. నేనడగలా."

"ఆసుపత్రికి పోయావా నువ్వు?"

"పోయా. గేటు దాకా."

"లోపలికి?"

"నంబర్ తేడా ఉందిగా అమ్మా, ఇంక లోపలికి పోవడం దేనికి?"

"ఒంటి మీద ఏమున్నాయంట?"

"గళ్ల లుంగీ. తెల్ల చొక్కా. ఈ ఊళ్లో గళ్ల లుంగీ కట్టని మగోడు ఎవరమ్మా?"

"చేతులు?"

"సున్నానికి కాలిన చేతులంట. బట్టీల్లో చేసే వాళ్లందరివీ అట్టాగే ఉంటాయి. నాయి చూడండి. నాయీ అట్టాగే ఉన్నాయి, నేను చచ్చిపోయానా?"

"తల వెనకాల కుట్లు..."

"అమ్మా, దణ్ణం పెడతా మీకు. అయ్యన్నీ వద్దు. నంబర్ గురించి అడగండి. నంబరైతే అటో ఇటో తేలుద్ది. కుట్లు ఎవరికైనా ఉంటాయి, లుంగీ ఎవరికైనా ఉంటది, నవ్వు ఎవరికైనా వచ్చుద్ది. నంబర్ ఒక్కటే గదా ఒక్కరికే ఉండేది. సార్ చెప్పారు గదా. చెప్పండి సార్."

"ఊరుకో ప్రభా. ఆమె అడిగేది లెక్క. లెక్కలో ఇంకా ఒకటి మిగిలింది, అది చూడనీ."

"చూడండి సార్."

"చేతి మీద నంబర్ తప్పుది. ఒక్క అంకె తప్పు పడిందనుకుందాం. ఒక్కటి సరిచేసి దాన్ని మంచి నంబర్ చేయాలి. ఎన్ని దార్లున్నాయి? ఏ చోటు తీసుకున్నా అక్కడ ఒక్క అంకే పనికొస్తుంది, రెండోది రాదు. కాబట్టి పన్నెండు చోట్లకి పన్నెండు దార్లు. ఉండు, మొదటి చోట ఏదొస్తుందో చూస్తా... సున్నా వస్తోంది. సున్నాతో మొదలయ్యే నంబర్ ఇవ్వరు. అది పోయింది. పదకొండు."

"పదకొండు అంటే?"

"ఈ తప్పు నంబర్‌కి అసలు సొంతదారు ఈ పదకొండు మందిలో ఎవరైనా అవొచ్చు. అందులో ఒకడు ఏసోబు."

"మిగతా పది మంది?"

"ఎవరో. ఒకడు అస్సాంలో ఉండొచ్చు, ఒకామె గుజరాత్‌లో ఉండొచ్చు. కొన్ని నంబర్లు అసలు ఎవరికీ ఇచ్చి ఉండకపోవచ్చు. అది నాకు తెలీదు, ఈ కాయితం మీద తెలిసేది కాదు."

"పది మంది ఉన్నారు సార్."

"లెక్క ప్రకారం ఉన్నారు."

"పదకొండులో ఒకటే మా ఆయన. పది పాళ్లు వేరే వాళ్లు. అంతేగా? పరీక్షలో పదకొండుకి పది వస్తే పాసే గదా సార్. అదే రాయండి. పది మంది ఉన్నారని రాయండి."

"ఏవండీ, మీకేమైనా మతి ఉందా? అస్సాం వాడు చేతి మీద నంబర్ పొడిపించుకుని, చేతులు సున్నంలో కాల్చుకుని, వచ్చి మన కాలవలో పడ్డాడా?"

"అది రుజువు కాదు ప్రభా."

"రుజువెవరిక్కావాలి? ఆ పిల్ల ఐదింటికి కాయితం ఇచ్చి ఇంటికి పోయి, రేపటి నుంచి మళ్ళీ ఊళ్లమ్మట తిరుగుద్ది. రొంపిచెర్ల, శావల్యాపురం, మాచర్ల. ఎన్నాళ్లు తిరగమంటారు?"

"తిరుగుతానమ్మా. నాకేం కష్టం లేదు. రెండేళ్ల నుంచి తిరగట్లా? తిరిగితే ఎక్కడో ఒక చోట ఉన్నట్టే గదా ఆయన. ఏదో ఒక అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఎవరో ఒకరు బన్ను ఇస్తారు. మీ కాళ్లు పట్టుకుంటా సార్. జీవితంలో మిమ్మల్ని ఏం అడిగా నేను? మా నాన్న స్కూలు మాన్పిస్తే ఇంటికొచ్చి గొడవపడ్డారు మీరు, దీనికి లెక్కలొచ్చు, మాన్పించొద్దని. ఆ రోజు మీ మాట ఎవరూ వినలా. ఇయ్యాల మీ మాట వింటారు. మీరు సంతకం పెడితే ఆయన కాదని అందరూ వింటారు."

"ఏడవకు. లే ముందు. లే అమ్మాయ్, కాళ్లు వదులు."

"రాస్తారా?"

"రాస్తా. ప్రభా, అట్టా చూడకు. నేను రాసేదాంట్లో అబద్ధం లేదు. రెండు నంబర్లు ఒకటి కాదు. కాదనే రాస్తున్నా. చచ్చిపోయింది ఏసోబు కాదని నేను రాయట్లేదు."

"వాళ్లు చదువుకునేది అట్టాగే గదండీ."

"తెలుసు."

"తెలిసీ రాస్తున్నారా?"

"నువ్వైతే ఏం చేస్తావు? పదకొండులో పది ఆమె వైపున్నాయి. లెక్కల మాస్టార్ని నేను, లేవని ఎట్టా చెప్పను? ఆ తెల్ల కాయితం ఇటివ్వు... పిడుగురాళ్ల, తేదీ. ఊ. విను సలోమీ, చదువుతున్నా. ఈ కింద సంతకం చేసిన నేను, గణిత ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. శ్రీమతి సలోమి నాకు చూపిన ఆధార్ కార్డు మీది సంఖ్యనూ, ఫొటోలోని చేతి మీది సంఖ్యనూ పరిశీలించాను. రెండింటికీ చివరి నుంచి మూడో అంకెలో తేడా ఉంది. ఆ రెండు సంఖ్యలూ ఒకటి కావు. చాలా?"

"చాలు సార్. చానా బాగుంది."

"ఇంటి పేరు ఎట్టా రాస్తారు మీరు? సర్లే, వద్దులే. సంతకం పెడతా."

"ఈ కాయితం తీసుకుని వాళ్లేం చేస్తారే సలోమీ?"

"దాంట్లో పెట్టుకుంటారమ్మా. ఫైల్లో."

"ఫైలు సంగతి కాదు. ఆ మనిషిని?"

"మున్సిపాలిటీ వాళ్లకి ఇచ్చేస్తారంట. వాళ్లే తీసకపోయి పూడుస్తారంట."

"పేరు లేకుండానా?"

"పేరెట్టా ఉంటదమ్మా, ఎవరో తెలీకపోతే. నంబర్ వేస్తారంట. కర్ర ముక్క మీద రాసి గుచ్చుతారంట."

"ఏ నంబర్?"

"వాళ్ల రిజిస్టర్ నంబరమ్మా. ఈ సంవత్సరంలో ఎన్నో శవమో ఆ నంబర్. ఈయనది పదిహేడో, పద్దెనిమిదో."

"ప్రార్థన?"

"ఎవరు చేస్తారు."

"ఇదుగో సలోమీ. సంతకం పెట్టా. కింద నా ఫోన్ నంబర్ కూడా రాశా, కానిస్టేబుల్‌కి ఏమన్నా అనుమానముంటే నాకే చేయమను. తీసుకో."

"తీసుకుంటా సార్."

"తీసుకో మరి. చెయ్యి చాపి అట్టా ఉండిపోయావేంది?"

"సార్, ఆ టీ కొట్టాయన మంచోడు గదా."

"మంచోడే."

"బండి మీద ఎక్కించుకుని తీసకపోయాడు. పెట్రోలు తనే పోసుకుని. నంబర్ సరిగ్గా ఉంటే ఇంటిదాకా తెచ్చి దింపేవాడు గదా."

"దింపేవాడేమో. సలోమీ, నాలుగు దాటింది. నువ్వు పోవాలంటే..."

"నేనిది తీసకపోలేను సార్. ఆ తొమ్మిది పొడిచిన రోజే చూశా. పొడిచినామె కూడా చూసుకుంది, కొట్టేసి పక్కన మళ్ళీ పొడుస్తా, ఇంకాసేపు కూర్చోబెట్టమంది. అప్పటికే చెయ్యి వాచిపోయి, నొప్పి ఎందుకు పెడతన్నారో తెలీక నా మొహంలోకి చూసి ఏడుస్తన్నాడు ఆయన. ఒక్క అంకేగా, ఏమవుద్దిలే అని నేనే లేపి తీసకొచ్చా."